నుకాగా గారి ఎనిమిదో సంజాయిషీ

నుకాగా మొరియోకి యాభైమూడేళ్ళు. అందులో ముప్ఫైఒక్కేళ్ళు ఇసోమురా స్టేషనులోనే గడిచాయి. రెండు ప్లాట్‌ఫారాలు, వెయిటింగ్ రూములో చలి కాచుకునే ఒక కిరోసిన్ పొయ్యి, రోజుకి పదకొండు రైళ్ళు. దిగేది స్కూలు పిల్లలు, ఆసుపత్రికి పోయొచ్చే ముసలమ్మలు. నాలుగేళ్ళుగా, వీపున కొండంత సంచులు మోసుకుంటూ తీరం వెంట కాలినడకన పోయే విదేశీయులు కూడా. ఇంత చిన్న స్టేషనుకి మనిషెందుకని రైలు కంపెనీకి అనుమానం వచ్చింది. కంపెనీకి అనుమానం వచ్చిందంటే నిర్ణయం అయిపోయినట్టే. వచ్చే ఏప్రిల్ ఒకటి నుంచి ఆ లైనులో ఆరు స్టేషన్లలో మనుషులు ఉండరని అక్టోబరులో కాగితం దిగింది. ఇసోమురాకి ఒక్క మినహాయింపు ఇచ్చారు. విదేశీ ప్రయాణికులకి దారీ తెన్నూ చెప్పే ఉద్యోగం ఒకటి అక్కడ ఉంచుతారు. ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటి పాసైతే అది నుకాగాదే. ఆ మారుమూలకి వస్తామని మరెవరూ అర్జీ పెట్టలేదు. తప్పితే స్టేషనుకి తాళం, నుకాగాకి నగరంలో ఎక్కడో ఒక కుర్చీ.

అతనికి స్టేషను వదలడం ఇష్టం లేదు. దీనికి కవిత్వం అక్కర్లేదు. మెట్ల దగ్గర ఏ ముసలమ్మకి చెయ్యి అందించాలో, ఎవరికి అందిస్తే తిడతారో అతనికి తెలుసు. యాభైమూడేళ్ళు వచ్చేసరికి మనిషికి బాగా తెలిసిన పని ఒక్కటే మిగులుతుంది. దాన్ని లాక్కుంటామంటే ఎవడికైనా ఒళ్ళు మండుతుంది.

అందుకని గురువారం సాయంత్రాలు ఊరి కమ్యూనిటీ హాల్లో ఇంగ్లీషు క్లాసులో చేరాడు. చెప్పేది ఇబుకి టీచరు. హైస్కూల్లో ముప్ఫైఆరేళ్ళు పాఠాలు చెప్పి రిటైరై, ఇంట్లో కూర్చోలేక వచ్చిన ఆవిడ. పరీక్షలో ఎక్కువ ప్రశ్నలు మీ అనుభవం గురించే ఉంటాయి, కాబట్టి 'హావ్' పెట్టి చెప్పే కాలం రాకపోతే పరీక్షే లేదని మొదటి రోజే తేల్చేసింది. బోర్డు మీద నాలుగు గడులు గీసింది. అయిపోయింది, అనుభవం, కొనసాగుతోంది, ఫలితం మిగిలింది. ఆ దేశంలో బడికి పోయిన ప్రతివాడూ పద్నాలుగో ఏట ఈ నాలుగు గడులూ చూసినవాడే, పదిహేనో ఏట మరిచిపోయినవాడే.

"టీచర్ గారూ, హావ్ అంటే నా దగ్గర ఉందని కదా?" అన్నాడు నుకాగా.

"అవునండీ."

"తాళంచెవి పోయిందనడానికి కూడా హావ్ పెట్టమన్నారు. పోయినదాన్ని పట్టుకుని నా దగ్గర ఉందంటే ఎలాగండీ?"

"మీ దగ్గర ఉన్నది తాళంచెవి కాదు నుకాగా గారూ. పోవడం."

"పోవడాన్ని దగ్గర పెట్టుకుని నేనేం చేసుకోను?"

వెనక వరసలోంచి హత్సుయే గట్టిగా నవ్వింది. ఆవిడకి అరవైమూడు. ఒసాకాలో పుట్టి పెరిగి, ఇక్కడ కణవ చేపలు, అదే స్క్విడ్‌లు, పట్టే పడవవాణ్ణి చేసుకుని వచ్చింది. అతను పోయాక ఇంట్లోనే మూడు గదులు అద్దెకిస్తూ విదేశీయులకి బస పెడుతోంది. ఆవిడకి వచ్చిన ఇంగ్లీషు నలభై మాటలు. నలభైనీ కేకలేసినట్టే అంటుంది. అందరికీ అర్థమవుతుంది.

"నిన్న తిన్నాను అనేటప్పుడు హావ్ రాదన్నారు," నుకాగా వదల్లేదు. "ఇప్పుడే తిన్నాను అంటే వస్తుందన్నారు. నిన్న చేసిన పాపం ఏమిటి?"

"నిన్న అయిపోయిందండీ."

"తినడమూ అయిపోయింది కదా!"

"ఏమయ్యా స్టేషన్ మాస్టారూ," అంది హత్సుయే, "నీ కడుపు ఇంకా నిండుగా ఉందా, లేదా? నిండుగా ఉంటే హావ్ పెట్టు. ఆకలేస్తుంటే తీసెయ్. దానికింత రామాయణమా?"

ఇబుకి టీచరు సుద్దముక్క బోర్డు దాకా ఎత్తి దించేసింది. "అలా... చెప్పకూడదు. కానీ తప్పని కూడా చెప్పలేను," అంది, ఎవరో తన దగ్గర్నుంచి ఏదో దొంగిలించినట్టు మొహం పెట్టి.

నుకాగా భాషలో జరిగిందానికి క్రియ చివర ఒక్కటే తోక. నిన్న తిన్నా, ఇప్పుడే తిన్నా, పుట్టాక ఎప్పుడో ఒకసారి తిన్నా అదే తోక. మిగతాది ఎదుటివాడే ఊహించుకుంటాడు. ఊహించుకోలేకపోతే లోపం వాడిదే. ఇక్కడ మాత్రం ప్రతి మాటకీ ముందు ఆగి, ఇది నాకింకా అంటుకుని ఉందా, వదిలిపోయిందా అని తడుముకోవాలి. ఆ తడుముకోవడంలో మూడు రైళ్ళు దాటిపోతున్నాయి.

చివరికి తనకొచ్చిన ఉపాయమే వాడాడు. రైల్వేవాళ్ళు దేన్నీ కళ్ళతో చూసి ఊరుకోరు. సిగ్నల్ వైపు వేలు చాపి, పచ్చ అని పైకి అరిచి, సరే అంటారు. ఎవరూ లేకపోయినా అంటారు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అతను రోజుకి వందసార్లు వేలు చాపినవాడే. ఇప్పుడు వాక్యాన్నీ అలాగే పట్టాడు. గాలిలో ఒకచోటికి వేలు చాపి "హావ్, ఉంది!", ఇంకోచోటికి చాపి "ఈటెన్, ఉంది!", మూడోసారి "నిన్న, లేదు! సరే!" ఇంట్లో మిసో చారు గిన్నె ముందు కూర్చుని కూడా ఇదే తంతు.

"తిన్నారా లేదా?" అంది భార్య కయో. "ఇంకో గరిటె పొయ్యమంటారా వద్దా, అది మనుషుల భాషలో చెప్పండి."

ఏడు వారాలు అలా గాలిలో వేళ్ళు చాపి చాపి, నవంబరు చివరికి నాలుగు గడులూ వశం చేసుకున్నాడు. ఇబుకి టీచరు వంద వాక్యాలిస్తే తొంభైఏడు సరిగ్గా చెప్పాడు. చూసి ఆవిడే కంగారు పడింది.

పరీక్ష హెడ్డాఫీసు నాలుగో అంతస్తులో. అడిగేది పరీక్షల సంస్థ పంపిన పొడుగాటి ఐరిష్ ఆవిడ. బల్ల మీద రికార్డు చేసే చిన్న యంత్రం పెట్టి, చల్లగా నవ్వి మొదలుపెట్టింది. మీరెప్పుడైనా విదేశీ ప్రయాణికులకి సాయం చేశారా?

ప్రశ్న అక్షరం అక్షరం అర్థమైంది. రెండో గడి, అనుభవం. జవాబు కోసం నోరు తెరిచేలోపు చెయ్యి ముక్కు ముందుకి లేచి అటూ ఇటూ ఊగింది.

"లేదండీ. ఎప్పుడూ చెయ్యలేదు."

మీ పనికి ఎప్పుడైనా బహుమతి వచ్చిందా? "లేదండీ, అంతటివాణ్ణి కాదు." ఏదైనా కష్టమైన పరిస్థితిని చక్కదిద్దారా? "లేదు, ఎప్పుడూ లేదు." ఇంగ్లీషు చాలాకాలంగా నేర్చుకుంటున్నారా? "లేదండీ, ఏమీ నేర్చుకోలేదు." ప్రతి వాక్యంలోనూ హావ్ ఉండాల్సినచోటే ఉంది, నెవర్ ఉండాల్సినచోటే ఉంది. అడగడానికి ఇంకేమీ మిగలక ఆవిడ తొమ్మిది నిమిషాలు ముందే ముగించింది.

అది అబద్ధమాడటం కాదు. అతని తండ్రి తీరంలో సముద్రపు నాచు ఎండబెట్టి అమ్మేవాడు. బడి పరుగుపందెంలో కొడుకు గెలిచాడని పక్కింటాయన మెచ్చుకుంటే, "వీడికి తిన్నగా నడవడమే రాదండీ" అన్నాడు, కొడుకు పక్కన నిలబడి వింటుండగానే. పొగడ్త వస్తే ముక్కు ముందు చెయ్యి ఊపాలి. ఊపనివాణ్ణి ఊరంతా చూస్తుంది. పదివేల రోజులు ప్రమాదం లేకుండా నడిపినందుకు కంపెనీ పతకం ఇచ్చినప్పుడు నుకాగా మైకు ముందు నిలబడి, "రైళ్ళు వాటంతటవే నడిచాయి" అని కూర్చున్నాడు. గొప్పగా చప్పట్లు కొట్టారు. వినయం మనిషికి అలంకారమని చెప్పేవాళ్ళలో దాన్ని పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్ళినవాళ్ళు ఎంతమందో లెక్క తీయాలి.

వారం తరవాత సిబ్బంది శాఖాధికారి ఒగిత్సు పిలిపించాడు. నుకాగా కంటే ఏడేళ్ళు చిన్నవాడు, సౌమ్యుడు, ఎవరినీ నొప్పించడు, ఎవరికీ పనికిరాడు.

"వ్యాకరణం ఇరవైకి ఇరవై," అన్నాడు కాగితం చూస్తూ. "కానీ మొత్తం మీద తప్పింది. 'ఈ అభ్యర్థికి ప్రయాణికులతో ఏ అనుభవమూ లేదు' అని రాశారండీ. రెండేళ్ళ కిందట మంచులో రైళ్ళాగిపోతే ఎవరో దంపతుల్ని ఆదుకున్నారు కదా మీరు? వాళ్ళు ఉత్తరం కూడా రాశారు మనకి."

"ఆదుకోవడమేముందండీ. పొయ్యి స్టేషన్‌ది. గది హత్సుయే గారిది. నేను డ్యూటీలో ఉన్నానంతే."

"పాస్‌పోర్టు పోగొట్టుకున్నాయన?"

"పై స్టేషనువాళ్ళు వెతికారు."

"నాలుగు స్టేషన్లకి ఫోన్లు చేసి వెతికించింది మీరే కదండీ."

"ఫోను చెయ్యడం కూడా ఒక పనా అండీ," అన్నాడు నుకాగా. అంటుంటేనే చెయ్యి ముక్కు ముందుకి లేచింది. ఒగిత్సు ఆ చేతికేసి చూసి నిట్టూర్చి, ఫిబ్రవరిలో ఇంకో అవకాశం ఉందన్నాడు. అదే ఆఖరు.

ఈ సంగతి విని హత్సుయే మండిపడింది. "ఆ మంచుపొద్దున నువ్వు నా గుమ్మం ముందుకి తెచ్చి నిలబెట్టిన ఆ ఇద్దరూ నీ అన్నం ముద్దలు తిని బతికారయ్యా! నువ్వు పస్తున్నావు. ఎప్పుడూ చెయ్యలేదు అంటావా? వాళ్ళలో ఆ భార్య పిల్ల విని ఉంటే ఏడ్చేది."

"మరి ఏమనాలి?"

"అవును అను. ఏది అడిగినా అవును అను. మా ఒసాకాలో ఎవణ్ణైనా ఫుజి కొండ ఎక్కావా అని అడిగి చూడు. రెండుసార్లు, ఒకసారి వీపున ఫ్రిజ్‌తో, అంటాడు. వాడికి మోకాళ్ళ నొప్పులు. అయినా అంటాడు."

"అది అబద్ధం కదండీ."

"అది మాటలాట! నీ దగ్గర నిజమే ఉంది కదా, దాన్ని చెప్పడానికి చచ్చిపోతున్నావు." తన నలభై మాటలతోనే తర్ఫీదు మొదలుపెట్టింది. కణవ చేప వండావా? అవును. బాగా వండావా? అక్కడ అతను ఆగిపోయాడు. "అవును అనవయ్యా!" అని బల్ల గుద్దింది. "అ... అవును. కానీ ఉప్పు..." "ఉప్పు ఎవరడిగారు!" ఇబుకి టీచరు పక్కన కూర్చుని నెత్తి పట్టుకుంది. వ్యాకరణం నేర్పడం తేలికనిపించింది ఆవిడకి.

ఫిబ్రవరిలో మళ్ళీ అదే గది, అదే ఐరిష్ ఆవిడ, బల్ల మీద అదే యంత్రం. విదేశీయులకి ఎప్పుడైనా సాయం చేశారా? నుకాగా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. "అవునండీ. చేశాను." చెప్పండి, అంది ఆవిడ. చెప్పాడు. పొయ్యి ఎంత మంచిదో, హత్సుయే గారి పరుపులు ఎంత వెచ్చనివో, మంచు తీసిన కార్మికులు ఎంత కష్టపడ్డారో అన్నీ చెప్పాడు. తన ఊసు తప్ప అన్నీ ఉన్నాయి అందులో. ఆవిడ కలం బల్ల మీద పెట్టేసింది. అతను అది చూశాడు. ఇసోమురా చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది. నాలుక మాత్రం పొయ్యిని పొగుడుతూనే ఉంది.

జాలిపడి కాబోలు, ఆవిడ తేలికైన ప్రశ్న వేసింది. పనిలో ఎప్పుడైనా పొరపాటు చేశారా?

నుకాగా మొహం విప్పారింది. చేతులు తొడల కిందనుంచి బయటికొచ్చాయి.

"చేశానండీ. చాలా చేశాను."

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, పొగమంచులో తప్పు ప్లాట్‌ఫారం చెప్పి ఒక ముసలాయన్ని ఎదురు రైలెక్కించాడు. ఆయన చెల్లెలి దహనానికి పోతున్నాడు. అందలేదు. తిరిగొచ్చి ఏమీ అనలేదు, టోపీ తీసి వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. "ఆ రోజు నుంచీ నేను చింతిస్తూనే ఉన్నాను," అన్నాడు నుకాగా. మూడో గడి, కొనసాగుతోంది. వేలు చాపనక్కర్లేకుండా వచ్చింది. ఇంకోసారి పొట్టిగా ఉన్న ఒక పెద్దావిడకి చిన్నపిల్లల టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆవిడ మళ్ళీ ఇసోమురాలో దిగలేదు, ఇప్పటిదాకా. స్టేషను గడియారం నాలుగు నిమిషాలు వెనకుంటే సగం రోజు గమనించలేదు. బడిపిల్లల పరీక్షల పొద్దున పొయ్యి వెలిగించడం మరిచాడు, వాళ్ళు వేళ్ళు కొంకర్లు పోయి కలం పట్టారు. ఇలా ఏడు తప్పులు. తడబాటు లేదు, తడుముకోవడం లేదు. ఏది వదిలిపోయిందో, ఏది ఇంకా అంటుకుని ఉందో అతనికి వెతుక్కోకుండానే తెలుసు. తప్పు ఒప్పుకోవడం అతనికి పుట్టుకతో వచ్చిన భాష, అందులోకి ఇంగ్లీషు నీళ్ళలా దిగిపోయింది. ఆవిడ కలం మళ్ళీ తీసి, ఆపకుండా రాసింది. ముసలాయన టోపీ దగ్గర ఒకసారి కళ్ళు తుడుచుకుంది.

ఎనభై వస్తే పాసు. నుకాగాకి తొంభైఒకటి వచ్చింది. కయో శుభకార్యాలకి చేసే ఎర్ర కందులన్నం వండింది. హత్సుయే వీధిలో అందరికీ చెప్పింది. నాలుగు రోజులు అతను మనిషిలా నిద్రపోయాడు.

ఐదో రోజు భద్రతా విభాగం నుంచి కవరు వచ్చింది. పరీక్షలో రికార్డయిన మాటల ప్రతి కంపెనీకి చేరింది. అందులో అభ్యర్థి స్వయంగా ఒప్పుకున్న పొరపాట్లు ఏడు. వాటిలో ఐదింటికి అప్పట్లో ఏ నివేదికా లేదు. ఆ ఐదింటికీ విడివిడిగా సంజాయిషీ రాసి పంపవలెను. సంజాయిషీలు తేలనివాళ్ళని ప్రయాణికులతో పనుండే ఉద్యోగంలో వెయ్యరాదని నిబంధన.

ఇంకెవరైనా అయితే గుర్తులేదని ఒక్క ముక్క రాసి పారేసేవారు. నుకాగా రాత్రీ పగలూ కూర్చుని ఏడూ రాశాడు, ఐదు అడిగితే. పొగమంచు నాటి తారీఖు సరిగ్గా తెలియదని మొదటిది తిరిగొచ్చింది. టికెట్టు కొన్న పెద్దావిడ పేరేమిటని రెండోది తిరిగొచ్చింది. అప్పటి గడియారం తయారీ సంఖ్య ఏదని ఇంకోటి. అతను పాత డైరీలు తవ్వి, మళ్ళీ రాసి, మళ్ళీ పంపాడు. మార్చి ఇరవై వచ్చేసింది. ఒగిత్సు పిలిపించాడు.

"సంజాయిషీలు తేలలేదండీ," అన్నాడు టీ కప్పు తిప్పుకుంటూ. "ఏప్రిల్‌కి సమయం లేదు. ఆ ఉద్యోగం ఖాళీగా ఉంచి, స్టేషనులో తెర ఒకటి పెడుతున్నారు. నొక్కితే ఇంగ్లీషులో మాట్లాడుతుందట. మీకు నగరంలో, పోయిన సామాన్ల ఆఫీసులో చోటు చూశాం. చాలా చింతిస్తున్నాం."

నుకాగా వంగి దణ్ణం పెట్టాలి. మీకు శ్రమ కలిగించాను, క్షమించండి, అనాలి. మెడ సగం వంగింది కూడా. అక్కడ ఆగిపోయింది.

"ఆ స్టేషన్ని నేను బాగా నడిపాను," అన్నాడు.

ఒగిత్సు తలెత్తాడు.

"బాగా నడిపాను. ముప్ఫైఒక్కేళ్ళు. ఆ దంపతులు తిన్న అన్నం ముద్దలు నావి. మంచులో వాళ్ళని హత్సుయే గారింటికి నడిపించింది నేను. పాస్‌పోర్టు తెప్పించింది నేను. రైళ్ళు వాటంతటవి నడవలేదు, నేను నడిపాను! ఈ లైనులో నా అంత బాగా చేసినవాడు ఇంకొకడు లేడు. ఉంటే చూపించండి!"

ఆఖరి మాటలు గోడవతలికి వినపడ్డాయి. పక్క గదుల్లో టైపు చప్పుడు ఆగింది. ఒగిత్సు చెవులు ఎర్రబడ్డాయి. ఎదుటి మనిషి బట్టలు ఊడిపోయినట్టు చూపు టీ కప్పులోకి దించేసుకున్నాడు. అటువంటి మాటకి బదులేమివ్వాలో ఆ భవనంలో ఎవరికీ ఎవరూ నేర్పలేదు.

"సానుకూలంగా పరిశీలిస్తాం," అన్నాడు చివరికి ఒగిత్సు. కుదరదు అనడానికి అక్కడ అంతకంటే మర్యాదైన మాట లేదు.

ఏప్రిల్ మొదటివారంలోనే, పోయిన సామాన్ల ఆఫీసులో కొత్త కుర్చీ ఇంకా వెచ్చబడకముందే, ఎనిమిదో ఫారం వచ్చింది. పై అధికారి ఎదుట గొంతు పెంచి ఆఫీసు క్రమశిక్షణకి భంగం కలిగించినందుకు సంజాయిషీ. ఆ ఫారానికి ఆఖరి వాక్యం ఎవరు రాసినా ఒకటే: తీవ్రంగా చింతిస్తున్నాను, ఇకపై ఇలా జరగనివ్వను. నుకాగా ఏం జరిగిందో, ఏ గదిలో, ఎన్ని గంటలకో, ఏమేమి అన్నాడో పొల్లుపోకుండా రాశాడు. ఆఖరి వాక్యం రాయలేదు. సంతకం పెట్టి పంపేశాడు.

తిరిగొచ్చింది. తారీఖు మార్చి మళ్ళీ పంపాడు. మళ్ళీ తిరిగొచ్చింది. ఆగస్టుకి ఐదోసారి. ఈసారి సిబ్బంది శాఖ గుమస్తా స్వయంగా పట్టుకొచ్చాడు, ఎండలో నడిచొచ్చి చెమటలు కక్కుతూ.

"ఒక్క వాక్యం అండీ నుకాగా గారూ. మీరు చింతించనక్కర్లేదు, రాస్తే చాలు. ఏడింటికీ రాశారు కదా! అందరం ఇళ్ళకి పోతాం."

"ఆ ఏడింటికీ చింత ఉంది కాబట్టి రాశాను," అన్నాడు నుకాగా. "దీనికి లేదు."

ఫారం అందుకుని తారీఖు కొట్టేసి, కొత్తది వేసి, నుకాగా దాన్ని తిరిగి గుమస్తా చేతిలోనే పెట్టాడు.